‘పోయొస్తా’కు ఇంగ్లీషు

మొన్న ప్రొద్దుటూరు బజారులో కొత్త లుంగీ ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. కాస్త పులుపు, కాస్త ఎండలో ఆరిన అన్నం మెతుకుల వాసన. లుంగీ ఒళ్లో పెట్టుకొని అట్లాగే కూర్చుండిపోయాను. మా ఆవిడ తొంగిచూసి, “ఏంది, మళ్లీ ఎవురికి చెప్పను కత అల్లుతాండావు?” అంది. ఆమె అనుమానంలో తప్పు లేదు. మాది పులివెందుల. నేను నోరు తెరిస్తే వచ్చేదాంట్లో సగం నా సొంత తయారీ అని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. కానీ ఆ వాసన మహబూబ్ సాబుది. ఆయన సంగతిలో నేను కల్పించవలసింది ఏమీ లేదు.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ప్రొద్దుటూరులో ఒక బట్టల కంపెనీలో టైపిస్టుగా చేరాను. జమ్మలమడుగు నేతగాళ్ల దగ్గర లుంగీలు కొని రంగూన్‌లోని తమ అంగడికి పంపడం కంపెనీ పని. సరుకు చూసి ఏది పోవాలో ఏది పోకూడదో తేల్చేవాడు మహబూబ్ సాబు. నాకు పైఅధికారి ఆయనే. బట్టను ముఖం దగ్గరికి తెచ్చుకొని వాసన చూసి, అంచును బొటనవేలితో రుద్ది, ఇది ఫలానావాడు నేసింది అని చెప్పేవాడు. నేను ఊరుకుంటానా? దానికి తోక తగిలించి, నేసినవాడు ఆ పూట ఉగ్గాని తిన్నాడో కొర్రన్నం తిన్నాడో కూడా సాబు చెప్పేస్తాడని ఎర్రగుంట్ల దాకా చాటింపు వేశాను. ఒకనాడు జమ్మలమడుగు నేతగాడొకడు లుంగీ తెచ్చి ముందు పడేసి, “సాబూ, నేనేం తిన్యానో చెప్పు సూద్దాం!” అన్నాడు. సాబు నా వైపు ఓరగా చూశాడు. లుంగీ ఎత్తి వాసన చూశాడు. “నువ్వేం తినలేదప్పా. నేతలో బలం లేదు. పా, ముందు తినొద్దాం” అన్నాడు. ఆ మనిషి నవ్వబోయి తలవంచుకున్నాడు. నిజంగానే తినలేదు. తిరిగొచ్చాక సాబు నాతో ఒకే మాట అన్నాడు: “అబద్ధం చెప్తే చెప్పు ఓబులేసూ. ఎదుటోనికి పనికొచ్చేది చెప్పు. నీకు పనికొచ్చేది వద్దు.”

యుద్ధానికి ముందు సాబు రంగూన్ అంగడిలోనే పనిచేశాడు. అక్కడ బాంబులు పడుతున్న రోజుల్లో ఆయన నాలుగేళ్ల కూతురు జైనబు జ్వరంతో పోయింది. బిడ్డను మట్టి చేసి, గుర్తుకు ఒక ఇటుక ముక్క పెట్టి, తెల్లవారగానే భార్యతో కలిసి, అందరితో పాటు మన దేశానికి నడక మొదలుపెట్టాడు. ఊరు చేరిన ఏడాదికి ఆమె కూడా పోయింది. ఇన్నేళ్లకు రంగూన్ అంగడిలో సరుకు చూసే మనిషి కావలసివచ్చి, కంపెనీ సాబునే అక్కడికి బదిలీ చేసింది. ఆయన వెంటనే చేసిన పని, జమ్మలమడుగులో రాయి చెక్కేవాని దగ్గర పలకంత నల్లబండ తీసుకొని, దాని మీద ఉర్దూలో బిడ్డ పేరు చెక్కించడం. “ఇటిక ఉంటాదో ఉండదో, తావు మాత్రం నాకు ఎరిక. గోరీల గోడ పక్కన బావి ఉండాది. బావి నుంచి గోడెంబడి పద్నాలుగు అడుగులు” అని దాన్ని నా బల్ల మీద పెట్టి చూపించాడు.

మునుపు ఓడ టిక్కెట్టుంటే చాలు. ఇప్పుడది పరాయి దేశం, అక్కడ పనిచేయాలంటే పర్మిట్ కావాలి. దరఖాస్తు నింపే పని నాకు పడింది. సాబును ఎదురుగా కూర్చోబెట్టుకొని అడిగాను.

“నీ ఉద్దేశం సొంత మాటల్లో చెప్పాలంట మామా.”

“కంపెనీ పనికి పోయొస్తానని రాయి.”

“పోయొస్తా ఏంది? నువ్వు ఆడ ఉండాల్సినోడివి గదా! పోతాండా అంటే సరిపోలా?”

“థూ, నీ నోట్లో మన్నుపడ! గడప దాటేటప్పుడు ఎవురన్నా పోతాండా అంటారా? పోయొస్తా అని రాయప్పా.”

నిజమే, మనలో బతికున్న మనిషి ‘పోతాండా’ అనడు. పైగా నా ఇంగ్లీషు చూసి దొరలే బెదిరిపోతారని నేనే ఊరంతా చెప్పుకున్నవాణ్ణి. టకటకా కొట్టేశాను: ఐ షల్ గో అండ్ కమ్. అక్కడ ఎన్నాళ్లుంటారన్న ప్రశ్నకు కూడా అదే ఊపులో గోయింగ్ అండ్ కమింగ్ అని కొట్టాను. సాబు కింద సంతకం పెట్టాడు.

మూడు నెలలకు రంగూన్ నుంచి జవాబు వచ్చింది. కవరు విప్పింది నేనే. బదిలీ మీద వచ్చేవాడు ఇక్కడే ఉండి పనిచేయాలి. ఈయన వస్తూ పోతూ ఉంటానని తానే రాశాడు, ఇది ఉద్యోగంలా లేదు, సరుకులు మోసే బేరంలా ఉంది. కాబట్టి పర్మిట్ ఇవ్వడం లేదు. నా మాటలనే గుర్తులు పెట్టి మరీ చూపించారు. కింద ఇంకో వాక్యం ఉంది: వివరణ ఇవ్వదలిస్తే రెండు నెలల్లోగా పంపవచ్చు.

సాబుకు ఇంగ్లీషు రాదు. ఎదురుగా నిలబడి, “ఏమంటాండారు?” అన్నాడు.

“కోటా అయిపోయిందంట మామా. ఇంక ఎవురికీ ఇయ్యరంట.”

“ఎవురికీనా?”

“ఎవురికీ.”

“అట్లయితే ఏం చేచ్చాంలే” అని కాగితం అడిగి తీసుకొని జేబులో పెట్టుకున్నాడు. ఆ బండను ఒక లుంగీలో చుట్టి బీరువాలో పెట్టాడు. మేనేజరుకు తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. అదీ నా భయం. రేపు చెబుదామనుకున్నాను. రేపు కూడా రేపే అనుకున్నాను. పేజీల కొద్దీ కతలు అల్లే నేను, నాలుగు ముక్కల అబద్ధంతో రెండు నెలలు గడిపేశాను. ఆ తర్వాత చెప్పినా ప్రయోజనం లేకపోయింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నాళ్లకు సాబుకు చూపు తగ్గింది, ఆయాసం ఎక్కువైంది. పని మానుకొని తొండూరులో తమ్ముని ఇంటికి బయలుదేరాడు. బస్సు ఎక్కించడానికి వెళ్లాను. లుంగీలో చుట్టిన బండ నా చేతుల్లో పెట్టాడు. “వయసులో ఉండావు. ఎప్పుడన్నా ఆ పక్క పోతావేమో” అన్నాడు.

ఇక తట్టుకోలేకపోయాను. “మామా, ఆ పొద్దు ఆ కాయితంలో...”

“తెలుసులేప్పా. ఎర్రగుంట్ల స్టేషను మాస్టరుతో సదివించుకున్యా. అప్పటికే గడువు దాటిపోయిండె.”

“మరి నన్నొక మాటన్నా అడగలేదే?”

“అడిగితే మేనేజరు చెవిన పడేది. నువ్వు యాడికి పోదువు? నేను చెప్పిందే రాసినావు, దాంట్లో నీ తప్పు లేదు.” బస్సు మెట్టు ఎక్కి వెనక్కి తిరిగాడు. “కోటా అన్యావు సూడు, అది తప్పు. రెండు నెలలుండె ఓబులేసూ.”

బస్సు కదిలింది. కిటికీ వెంట పరుగెత్తుతూ, “పోయొస్తానను మామా!” అని అరిచాను.

ఆయన నవ్వినట్టే చూశాడు. “పోతాండాలేప్పా” అన్నాడు.

వానలు పడకముందే ఆయన పోయాడని కబురొచ్చింది.

నేను రంగూన్ వెళ్లలేదు. బండ నా ట్రంకుపెట్టెలో ఉంది. దానికి చుట్టిన లుంగీ చీకిపోయినప్పుడల్లా కొత్తది కొంటాను. మొన్న కొన్నది కూడా అందుకే. ఎవరైనా ఆ దేశం వెళుతున్నారని వింటే, బండ తీసుకుపొమ్మని అడగడానికి పోయి ఈ కథ చెబుతాను. ఓబులేసు మళ్లీ మొదలుపెట్టాడని నవ్వి లేచిపోతారు. ఇదే కథ ఎన్నిసార్లు చెప్పినా, ఎంతమందికి చెప్పినా, బావి నుంచి గోడవెంట పద్నాలుగు అడుగులే. ఒక్క అడుగు కూడా ఎక్కువ చెప్పలేదు.