పోగు తప్పిన చీర

నగరి మరమగ్గాల వీధిలో నాగరత్నమ్మను ఎరగనివాళ్లు లేరు. మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోవస్తే, దాని కొసలకు కొత్త పడుగును పోగు పోగునా అతికేది ఆవిడే. వేళ్లకు కాస్త బూడిద రాసుకుని పెనవేస్తుందే గానీ ముడి వేయదు. అదే ఆవిడ పరువు, అదే ఆవిడ కూడు.

అలాంటి మనిషిని మగ్గాల యజమాని కుప్పయ్య ఒకరోజు వీధంతా వినేటట్టు కడిగేశాడు. ఎర్రంచు పచ్చ చీరలో అంచు పక్కన ఎర్ర పోగు ఒకటి నిలువునా గీతలా వచ్చిందట.

"కండ్లు పోయినదానికి పడుగు అప్పగించినా సూడు, నన్ను చెప్పుతో కొట్టాల! ఇంక ఈ వీధిలో నీకు పని లేదు, పో!"

అయ్యో, ఆ మాటకు ఆవిడ ప్రాణం ఎంత చివుక్కుమందో!

మర్నాడు పొద్దున్నే ఎప్పటిలా దీపం పెట్టి పారాయణానికి కూర్చుంది. ఏ ప్రాణినీ ద్వేషించకు, దయగా ఉండు అనే శ్లోకం దగ్గరికి వచ్చేసరికి నోరు శ్లోకం చదువుతోంది, మనసు కుప్పయ్యను తిడుతోంది. "ఇదేం చదువు స్వామీ!" అని తనను తానే విసుక్కుంది. ముందుకు పోలేదు. దయ అనే ఆ ఒక్క మాటనే పట్టుకుని, కళ్లు మూసుకుని, మెల్లగా అనుకుంటూ ఉండిపోయింది. ఎప్పటికో గుండెల్లో మంట చల్లారింది. అప్పుడు తోచింది, కుప్పయ్య అన్నది నిజమేనేమోనని. కోపంలో పడి ఆ సంగతే చూసుకోలేదు.

లేచి నేరుగా మగ్గం దగ్గరికి పోయింది. పడుగు తడిమి చూస్తే, పక్కపక్కనే తెగిన రెండు పోగులు, ఎర్రదీ పచ్చదీ, తారుమారుగా కలిసి ఉన్నాయి. రెండింటికీ లావుపాటి ముడులు. అవి తన చేతివి కావు. తలెత్తితే ఎదురుగా కుప్పయ్య కొత్త కోడలు ప్రశాంతి. మగ్గం పని ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్ల, గోడకు ఆనుకుని బిక్కచచ్చి నిలబడి ఉంది.

నాగరత్నమ్మకు సంగతి అర్థమైంది. ముడులు విప్పి, పోగులు మార్చి పెనవేసింది. ఇంతలో కుప్పయ్య రానే వచ్చాడు.

"మళ్లా ఈడికి ఎందుకు వచ్చినావు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాటంటే తన పరువు తనకు దక్కుతుంది. మింగేసింది. "పోగులు మారిండాయన్నా. సరి చేసినాను, సూసుకో" అని కదలబోయింది.

"మామా!" ప్రశాంతి గోడ వదిలి ముందుకు వచ్చింది. "ఆ ముడ్లు నేను ఏసినవి. నాగరత్నమ్మత్తది ఏం తప్పు లేదు."

కుప్పయ్య ముఖం జేవురించింది. గుడ్లురుముతూ కోడలి వైపు తిరిగాడు. నాగరత్నమ్మ గబుక్కున అడ్డం నిలబడింది.

"ఉండన్నా! ఆ మాటలన్నీ నిన్ననే నన్ను అనేసినావు గదా. నేను పడినాను, అయిపోయింది. మళ్లా ఈ బిడ్డను ఎందుకు అంటావు?"

కుప్పయ్య మగ్గం వైపు తిరిగి, సరిచేసిన పోగులు తడిమి చూసుకోసాగాడు. ప్రశాంతి వచ్చి ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. నా నోరు జారకుండా కాపాడినావు స్వామీ అని నాగరత్నమ్మ లోపల్లోపలే దండం పెట్టుకుంది.