అగాయ్‌కి కుదుపు పడదు

టక్ టక్, టక్ టక్. నాలుకతో వేసే గుర్రపు డెక్కల చప్పుడు ప్రయోగశాల నడవాలో ముందు వినిపించేది. ఓస్మొనాలి అగాయ్ ఆ తరవాత ఎప్పటికో కనిపించేవాడు. ఇప్పటికీ ఆ ప్రయోగశాల తలుపు కదిలితే ఆయన శిష్యురాలు బురుల్చా తల ఎత్తుతుంది. లోపలికి వచ్చేది బిష్కెక్ గాలి మాత్రమే.

బిష్కెక్‌లో పాఠం చెప్పిన ప్రతివాడూ అగాయే. కానీ కుదుపు పడని అగాయ్ ఆయనొక్కడే. చల్లారిన పులుసు పడేది, చలి పడేది, పై అధికారి చివాట్లు కూడా పడేవి. కుదుపు మాత్రం పడదు. ఆయన తాత కొండల్లో జోర్గో గుర్రాలు పెంచాడట. జోర్గో మీద కూర్చుంటే చేతిలోని నిండు గుర్రప్పాల కుమిస్ గిన్నె తొణకదు. సృష్టి మొత్తం అలాగే నడవాలని అగాయ్ పట్టు.

ట్రాలీబస్సు ఒక్కసారి ఎగిరిందంటే చాలు, దిగి వెళ్ళి డ్రైవరు అద్దం తట్టేవాడు.

“తమ్ముడూ, బస్సు నడుపుతున్నావా, మేకపిల్లని ఆడిస్తున్నావా?”

సమాధానంగా బస్సు వెళ్ళిపోయేది. మిగతా దారంతా టక్ టక్‌మంటూ నడిచి వచ్చేవాడు.

డైరెక్టరుగారి ఉపన్యాసానికి అందరూ చప్పట్లు కొడుతుంటే, “మొదలు బాగుంది. నడుమ ఎడమకాలు కుంటింది” అన్నాడొకసారి. ఆయన భార్య ఉల్కాన్ మాత్రం ఉపాయం కనిపెట్టింది. “నేను గరిటె తిప్పినా వంక పెట్టేవాడమ్మా. ఒకరోజు గరిటె ఆయన చేతికే ఇచ్చాను. అప్పట్నుంచీ వంట ఆయనదే.”

బురుల్చా పట్టా ఒక బొమ్మ మీద ఆధారపడి ఉండేది. పాము విషంలోని ఒక ప్రోటీన్ ఎలా నోరు తెరుస్తుందో కంప్యూటర్‌లో కదిలే బొమ్మగా చూపిస్తూ, సభలో వివరించాలి. వివరించడమే ఆమెకు గండం. వాగులా సాగే మాట ఉన్నట్టుండి గొంతులో చిక్కుకునేది. ఆ బొమ్మ మరీ అన్యాయం: కాసేపు పరుగు, కాసేపు పాకుడు. తన మాట ఇటు, బొమ్మ అటు పోతే పెద్దల ముందు పట్టా చేజారినట్టే.

అగాయ్ నిండు టీ గిన్నెతో వచ్చి, తెర చూసి, ఉలిక్కిపడి, చొక్కా మీద పోసుకున్నాడు.

“ఆపు అమ్మాయ్, ఆపు! దీనికి మూడు కాళ్ళేనా?”

“యంత్రం పాతది అగాయ్, కొత్తది కొనాలి” అన్నాడు కంప్యూటర్లు చూసే తిలేక్.

“చెప్పు కరిస్తే కాలు మారుస్తావా? అమ్మాయ్, చుట్టూ ఉన్న నీళ్ళ అణువులన్నీ దాచెయ్.”

దాచింది. బొమ్మ పరుగందుకుంది.

“ఇప్పుడు మళ్ళీ చూపించు.”

చూపించింది. బొమ్మ చతికిలబడింది.

“తెలిసిందా? బరువెక్కువైతే ఒక్కో చిత్రం గీయడానికి ఎక్కువసేపు పడుతోంది. మీరేమో చిత్రానికో అడుగు వెయ్యమన్నారు. తిలేక్, అడుగుల్ని నమ్ముకోకు. గడియారం చూసి నడవమని చెప్పు.”

తిలేక్ గొణుక్కుంటూనే సరిచేశాడు. ప్రోటీన్ ఈసారి శిఖరం మీంచి మబ్బు జారినట్టు తిరిగింది. అగాయ్ “జోర్గో” అని తనలో తాను అనుకుని, కిటికీలోంచి మంచుకొండల వైపు చాలాసేపు చూశాడు. పక్కనే ఉండి ఆయన అంత దూరంగా ఉండటం బురుల్చా అంతకు ముందెప్పుడూ చూడలేదు.

ఆ తరవాత ఆమె చేత ఉపన్యాసం చెప్పించడం మొదలుపెట్టాడు. కళ్ళు మూసుకుని టక్ టక్ అంటూ వినేవాడు. మాట చిక్కుకున్న చోట ఆ చప్పుడూ ఆగేది. విసుగేమో అనుకుని ఆమె ఇంకా కుంచించుకుపోయేది.

సభ రోజు వచ్చింది. బొమ్మను తనే నడుపుతానని అగాయ్ వెనక వరసలో కంప్యూటర్ దగ్గర కూర్చున్నాడు. బొమ్మ సాఫీగా సాగుతోంది, బురుల్చా మాటా సాగుతోంది. సరిగ్గా ప్రోటీన్ నోరు తెరవబోయే చోట మాట చిక్కుకుంది. చెమట పట్టింది. ఇక బొమ్మ తనని వదిలి వెళ్ళిపోతుందని తెర వైపు చూసింది.

బొమ్మ వెళ్ళలేదు. ఏటి ఒడ్డున గుర్రం తలవంచినట్టు, ఏ కుదుపూ లేకుండా నెమ్మదించి, నిలిచింది. ముఖ్యమైన చోటు కాబట్టి కావాలనే ఆపిందనుకుని పెద్దలు ముందుకు వంగి చూశారు. మాట దొరికింది. ప్రోటీన్ నోరు తెరిచింది. పట్టా వచ్చింది.

“బొమ్మని నెమ్మదించే మీట అగాయ్ ముందే నా చేత పెట్టించుకున్నాడు. ఎందుకని అడిగితే నన్ను తిట్టాడు” అన్నాడు తిలేక్ తరవాత.

ఆ వేసవిలోనే అగాయ్ ఉద్యోగం చాలించి నారిన్ కొండల్లోకి వెళ్ళిపోయాడు. అక్కడి మేతభూముల్లో ఫోను పలకదు. వెళ్ళే రోజు బస్సు దగ్గర బురుల్చా అడిగింది. “సమంగా నడవాలని మా ప్రాణాలు తోడేసి, ఆ రోజు మీరే ఆపేశారేం అగాయ్?”

ఆయన ఉల్కాన్‌ని ఎక్కించి, తనూ ఎక్కి, తలుపు మూసుకోబోతూ అన్నాడు:

“నువ్వు మాట వెతుక్కుంటున్నావు, బొమ్మ నిలబడింది. నిలబడితే దాని సొమ్మేం పోయిందమ్మాయ్? పెళ్ళికి వెళ్ళాలా అది?”