రూఫు కొట్టి చూడని సర్దారు

మొన్న గోదావరిఖనిలో గడ్డం గీయించుకోవడానికి కూర్చుంటే, పక్క కుర్చీలో షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడొకడు ఫోనులో షేర్ల ధరలు చూసుకుంటూ, "గిది పడదన్నా, నాకెరికే" అని కత్తి పట్టుకున్నతనికి భరోసా ఇస్తున్నాడు. ఆ మాట చెవిన పడగానే నా బుగ్గ మీద కూడా కత్తి ఉందన్న సంగతి మరచి గిరుక్కున తల తిప్పాను.

మీలో గనుల్లో చేసినవారికి చెప్పనక్కరలేదు గానీ, నేను మైనింగ్ సర్దారుగా చేశాను. మనుషులు లోపలికి అడుగుపెట్టే ముందు గని పైకప్పును, మా మాటలో రూఫును, కర్రతో కొట్టి చప్పుడు వినడం నా పని. ఖంగుమంటే పని మొదలు, డొల్లగా మోగితే అందరూ వెనక్కి. నిన్న బాగున్న రూఫు ఇవాళా బాగుంటుందన్న హామీ లేదు కనుక ప్రతి షిఫ్టుకూ కొట్టవలసిందే. మా అక్క భర్త, మా బావ, నా షిఫ్టులోనే రూఫు కూలకుండా ఆసరాగా కర్ర దిమ్మెలు నిలబెట్టేవాడు. నేను సరే అంటే తలెత్తి చూడకుండా లోపలికి నడిచేవాడు. ఆ నమ్మకం నాకు జీతం కంటే ఎక్కువ గర్వంగా ఉండేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు మా కాలనీకి షేర్ల గాలి సోకింది. సిమెంటు కంపెనీవి కొన్ని కొన్నాను, పెరిగాయి. మరొకటి కొన్నాను, అదీ పెరిగింది. ఆ రోజుల్లో ఏది కొన్నా పెరిగేదట, నేను మాత్రం వాపును చూసి బలుపనుకున్నాను. ఆదివారం వస్తే నలుగురూ మా క్వార్టరు ముందు చేరేవారు, నేను మీసం దువ్వుకుంటూ సలహాలు చెప్పేవాణ్ణి. చివరికి ఒక కరెంటు కంపెనీ మీద కన్ను పడింది. దాని లాభనష్టాల కాగితం ఒక్కటీ చదవలేదు. రైలు పట్టాల దగ్గర నిలబడి దాని ప్లాంటుకు పోయే బొగ్గు వ్యాగన్లు లెక్కపెట్టాను. బొగ్గు తవ్వేది మనం, కాల్చేది వాళ్లు, ఇందులో బొంబాయివాళ్లకు మనకన్నా ఏం తెలుసని నా ధీమా.

అప్పుడే బావ నడుము నొప్పితో ఉద్యోగం మానుకున్నాడు. చేతికొచ్చిన డబ్బుతో మంచిర్యాలలో ఇంటి జాగా కొనాలన్నది అక్క ఎన్నో ఏళ్ల కోరిక. "ఏమంటవ్ బామ్మర్ది, అండ్ల పెట్టాల్నా?" అని బావ అడిగితే, "ఫికర్ చెయ్యకు బావా, ఏడాదిల జాగా గాదు, ఇల్లే కొంటవ్" అన్నాను.

బావ ఆ డబ్బూ, నేను నా డబ్బూ అందులోనే పెట్టాం. ఆ ఏడు తిరగకముందే మార్కెట్టు కూలింది. విచిత్రమేమంటే వ్యాగన్లు ఒక్కటీ తగ్గలేదు, అవి ఎప్పటిలాగే పోతూనే ఉన్నాయి, షేరు మాత్రం పావు వంతుకు దిగింది. అక్క ఏడ్చింది. బావ నాలుగు తిట్టి ఉంటే నాకు బాగుండేది. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి, "రోజూ రూఫు కొట్టి చూసేటోనివి, గీడ ఎందుకు కొట్టలే?" అన్నాడు, అంతే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాత బావ ఆ నడుముతోనే కాపలా డ్యూటీలు చేశాడు. రాష్ట్రం వచ్చిన ఏడు, మంచిర్యాల చివర చిన్న జాగాలో రెండు గదులు వేసుకున్నారు. జాగా కొన్నట్టూ, ఇల్లు కట్టినట్టూ వాళ్లు గృహప్రవేశానికి పిలవడానికి వచ్చినప్పుడే నాకు తెలిసింది. వెళ్లాను, పీటల మీద అక్కను చూసి సంతోషంతో కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పటికీ రాకపోకలున్నాయి, కలిసి తింటాం, నవ్వుకుంటాం. పోయిన నా డబ్బును ఎప్పుడో మరచిపోయాను. కానీ ఒకప్పుడు మేకపిల్లను కొనాలన్నా నన్నడిగిన మనిషి, ఇప్పుడు ఏ పనైనా చేసేశాకే నాకు చెబుతాడు. బాగుంది బావా అంటాను.