బాబాయి కుర్చీలో సంగీతం మాస్టార్లు

సెలూన్ బాబాయికి యాభై దాటాక పాట నేర్చుకోవాలనే పురుగు కుట్టింది. గురువు కోసం వీధులు పట్టుకు తిరగలేదు. గడ్డానికొచ్చిన సంగీతం మాస్టారినల్లా కుర్చీలో కూర్చోబెట్టి, మెడకు కత్తి ఆనించి, ఓ చరణం పాడి, "నాకు వస్తుందంటారా?" అని అడిగేవాడు.

మొదటి ఇద్దరూ "అద్భుతం!" అన్నారు. అందులో ఒకాయన నెలంతా ఊపిరి పీల్చడమే నేర్పాడు. రెండో ఆయన గంటసేపు తానే పాడుకుని లేచిపోయేవాడు.

"నీ గొంతు వినలేకే కదయ్యా ఆ తిప్పలు!" అంది పిన్ని.

ఆ మాటతో బాబాయికి అన్నం సయించలేదు. పాట తనకు వస్తుందో రాదో ఒక్కరు నిజం చెబితే చాలనుకున్నాడు.

మూడో మాస్టారు బక్కపలచని మనిషి. సబ్బు నురగలోంచే తేల్చేశాడు. "శ్రుతి ఫర్వాలేదు. తాళం సున్నా."

"కత్తి మీ గొంతు మీదుంది మాస్టారూ!"

"తెలుస్తూనే ఉంది. అయినా సున్నానే."

బాబాయి మొహం వెలిగిపోయింది. "పాఠానికి ఎప్పుడు రమ్మంటారు?"

"ఎక్కడికీ రావద్దు. నా జుట్టు కత్తిరిస్తూ పాడు. నీ కత్తెర ఎన్నడైనా తాళం తప్పిందా?"

గడ్డం ముగించి, బాబాయి కత్తెర టకటకలాడిస్తూ పాట ఎత్తుకున్నాడు. చరణమంతా ఒక్క దెబ్బ తప్పలేదు. ఆనందంలో ఇద్దరూ కళ్లు మూసుకున్నారు.

పాట అయ్యాక మాస్టారు అద్దంలో చూసుకుని, ఎడమ చెవి పైన జుట్టంతా పోయి నున్నగా తేలిన చోటును తడుముకున్నాడు.

"పాట వస్తుందయ్యా నీకు," అన్నాడు నిదానంగా. "రేపటి పాఠానికి మాత్రం ఇంకెవరినైనా కూర్చోబెట్టుకో."