కుడివైపున దడి విసరండి

ఫిలొమెన్ న్యావాకి ముందు పన్ను ఒకటి లేదు. విసురువల అంచు పళ్లతో కరిచిపట్టి, నడుం తిప్పి విసరాలి కదా, ఒకసారి సీసపు గుండు ఎగిరి తగిలి ఆ పన్ను కాస్తా సరస్సులో పడిపోయింది. అది మొగుడు పోయిన ఏడు. మా ఊళ్లో ఆడవాళ్లు చేపలకి పొగ పెడతారు, సంతకి మోస్తారు, కర్రపెండలం తురిమి అచ్చెకె వండుతారు. వల మాత్రం విసరరు. "చూడండ్రా, న్యావా పెళ్లాం చేపలకి పళ్లు ఎరేస్తోంది!" అని రేవులో మగాళ్లు ఇకిలించేవారు. ఇకిలించక ఏం చేస్తారు? దడులున్న మారాజులు. నీళ్లలో గుంజలు పాతి వెదురు దడి కట్టేసి ఇంటికొచ్చి పడుకుంటే చేపలే వచ్చి చిక్కుతాయి. ఆ దడులన్నీ పెద్ద కుటుంబాల సొత్తు. లేనివాళ్లకి విసురువలే గతి. ఆ వలతోనే పంతొమ్మిదేళ్లు ఫిలొమెన్ ఇద్దరు కూతుళ్లని సాకింది.

చర్చిలో వాక్యం ఫ్రెంచిలో, పాటలు పక్క ఊరివాళ్ల భాషలో. "దేవుడికి అన్ని భాషలూ వచ్చు, మనదొక్కటే రాదు కాబోలు" అనేది. అయినా ఒక కథ మాత్రం ఆమెకి ప్రాణం. రాత్రంతా వేటాడి, తెల్లారేసరికి ఖాళీ పడవలో కూచున్నవాళ్లకి, ఒడ్డున నిలబడి ప్రభువు పడవ కుడివైపున వల వెయ్యమంటాడే, అది. "ఆయనకి పని తెలుసు. పొద్దున పూట ఎడంవైపు మన నీడ పడి చేప బెదిరి ఉంటుంది" అని ఆమె వ్యాఖ్యానం. ఏ బోధకుడూ ఇంత బాగా చెప్పలేదు.

అలాంటిది, మా భాషలో సువార్త వస్తోందంటే ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు. రాసేవాళ్లలో ఆమె చెల్లెలి కొడుకు జెరెమీ కూడా ఉన్నాడు. అబిజాన్ మహానగరంలో పెరిగిన పిల్లాడు, పడవెక్కితే రెండు చేతులా అంచు పట్టుకుంటాడు. రాసినంతవరకూ పెద్దలకి వినిపించి సరిచూద్దామని వచ్చాడు. చర్చి అరుగు మీద కూచుని చదివాడు: "పడవకి కుడివైపున దడి విసరండి."

"ఒరే జెరెమీ, మళ్లీ చదువు" అంది ఫిలొమెన్.

చదివాడు.

"ఆరుగురు మగాళ్లు మూడు రోజులు పాతితే గానీ నిలబడని దడిని పడవలోంచి విసరమన్నాడా? ఆయనేమైనా కల్లు తాగాడట్రా?"

అందరూ పగలబడి నవ్వారు. జరిగిందేమిటంటే, నాలుగేళ్ల కిందట జెరెమీ ఊరి పెద్దని "మీరు చేపల్ని దేంతో పడతారు?" అని అడిగాడట. ఆయనకి మూడు దడులున్నాయి. "దడితో" అన్నాడు. వీడు రాసుకుపోయాడు.

"పెద్దమ్మా, ఆ మాట కమిటీలో ఖాయం చేశారు. చదువుకున్నవాళ్లు ముగ్గురు చూశారు."

"ఆ ముగ్గురిలో ఒక్కడైనా వల తడిపాడా?"

"నీకు అక్షరాలు రావు గదా, ఇందులో చాలా సంగతులుంటాయిలే."

ఆమె వదల్లేదు. వాడు మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ చెప్పింది, చిలక్కి చెప్పినట్టు చెప్పింది. మూడోసారి తన పాత వలే తెచ్చి వాడి కాళ్ల ముందు పరిచింది. "రాసుకున్నాను పెద్దమ్మా" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే.

పుస్తకం వచ్చిన ఆదివారం ఊరంతా తెల్లబట్టలు కట్టింది. జెరెమీ పీఠం ఎక్కి ఆ భాగమే తీసి, గొంతు సవరించుకుని చదివాడు: "కుడివైపున విసురువల విసరండి." ఫిలొమెన్ లేచి, పన్ను లేని నోరు దాచుకోకుండా నవ్వుతూ, నడవలో ఆడింది. ఆరోజు ఊళ్లో అమ్ముడైన నూట పన్నెండు పుస్తకాల్లో తనూ ఒకటి కొనుక్కుంది.

సాయంత్రం దాన్ని పక్కింటి పంతులమ్మ సెలెస్తిన్ చేతిలో పెట్టింది. "ఆ వల మాట ఎక్కడుందో చూపించవే."

సెలెస్తిన్ వెతికింది. "దడి విసరండి అనే ఉంది అత్తా."

జెరెమీ రేవులో పడవ కోసం చూస్తున్నాడు. ఆమెని చూడగానే తల వంచేశాడు. "అప్పటికే అచ్చయిపోయింది పెద్దమ్మా. నీ సంతోషం కోసం నోటితో మార్చి చదివాను. నువ్వెలాగూ..."

"చదవలేను కదా! నా నోట్లో బెల్లం పెట్టి పుస్తకంలో దడి పాతావన్నమాట. రేపు నువ్వుండవు, పుస్తకం ఉంటుంది. నా మనవలు అది చదివి, ఆ ఖాళీ పడవలో ఉన్నవాళ్లు దడులున్న ఆసాములనుకుంటారు. మాలాంటివాళ్లు ఆ కథలోనే లేరనుకుంటార్రా."

"మళ్లీ అచ్చువేసేటప్పుడు మారుస్తాం."

"ఎప్పుడు?"

"పదేళ్లకో, పన్నెండేళ్లకో."

ఆమెకి అరవై ఏడు. "ఆ మాట ఎలా రాస్తారో రాసి చూపించి పో" అంది. వాడు బొగ్గుతో ఆమె పడవ పక్కపలక మీద రాసి వెళ్లిపోయాడు.

వానాకాలమంతా ఆమె ఆ పడవ పలకల మీద బొగ్గుతో దిద్దింది. వాన వచ్చి చెరిపేసేది, తిట్టుకుంటూ మళ్లీ దిద్దేది. వల పట్టే వేళ్లు బొగ్గుముక్క దగ్గర మొరాయించేవి. "ముందు నీ పేరు నేర్చుకో అత్తా" అనేది సెలెస్తిన్. "నా పేరు అందరికీ తెలుసులేవే."

చర్చి ఊడ్చే వంతు వచ్చిన శనివారం, సెలెస్తిన్‌ని వెంటబెట్టుకెళ్లి పీఠం మీది పుస్తకంలో ఆ చోటు చూపించమంది. నీలం పెన్నుతో దడిని కొట్టేసి, దాని నెత్తిన తన మాట రాసింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఆ కథ చదవాల్సిన ఆదివారం బోధకుడు అక్కడికొచ్చి ఆగాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు, పుస్తకం మీదకి వంగాడు. "విసురువల విసరండి" అని చదివాడు. ఎవరూ గమనించలేదు. సగంమంది కునికిపాట్లు పడుతున్నారు. ఫిలొమెన్ ముఖంలో మాత్రం సంతోషం లేదు. బయటికి రాగానే సెలెస్తిన్ ముందు చెయ్యి చాపింది.

"నీ పుస్తకం ఇటు తే."

"ఎందుకత్తా?"

"ఊళ్లో ఇంకా నూట పన్నెండు దడులున్నాయే. పీకాలి."