లారీ రెండో బ్యాటరీ

పూర్ణా మార్కెట్ దగ్గర మాది కిరాణా కొట్టు. కందిపప్పు తూచాక గుప్పెడు కొసరు వెయ్యందే మెట్టు దిగని వాళ్ల మధ్య పెరిగాను. పెద్దయ్యాక ఎక్కడికెళ్లినా కొసరు అడగడం నాకే అలవాటైంది. కూరల దగ్గర కరివేపాకు సరే, మందుల షాపులో కూడా అడిగేవాణ్ణి. ఏమివ్వాలో తోచక ఆ షాపతను ఓసారి క్యాలెండరు ఇచ్చాడు.

మా అక్క మొగుడు గోదావరి జిల్లా మనిషి, స్టీల్ ప్లాంట్లో ఉద్యోగం. పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కార్లు ఊళ్లోకి అప్పుడప్పుడే వస్తున్నాయి. బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు దగ్గర బావ అలాంటిది సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. బేరమాడింది నేనే. ఆ దర్జాతోనే, వర్షం పట్టిన ఓ మధ్యాహ్నం ఆ కారు అడిగాను. దువ్వాడలో వాళ్లు కట్టుకున్న కొత్తింటికి దీపాలు కొనాలి. బావ కాస్త నసిగాడు.

"మా తమ్ముడు జాగర్తగా తెత్తాడు. నాను కూడా ఎల్తన్నాను కదా," అని అక్కే తాళాలు తీసి నా చేతిలో పెట్టింది.

మల్కాపురం దారిలో, ఓడల్లోంచి దింపిన పాత సామాను అమ్మే కొట్లో ఇత్తడి లాంతర్లకి బేరం పెట్టాను. వద్దని బయటికి నడవడం, కొట్టతను పిలిస్తే మళ్లీ లోపలికి రావడం. ఆఖరికి లాంతర్లతో పాటు కొసరుగా ఒక కొక్కెం కూడా లాక్కుని బయటికొచ్చి చూస్తే, వానకని వేసిన హెడ్‌లైట్లు ఆర్పడం మరిచాను. దీపాలకి కరెంటిచ్చే చిన్న బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది.

వెనకాల ఆగిన లారీ డ్రైవరు వరస కలుపుతూ తనంతట తనే దిగొచ్చాడు. "ఏటి బావా, మొరాయించీసిందేటి? ఉండు, మన బ్యాటరీ ఇత్తాను."

లారీకి రెండు బ్యాటరీలుంటాయి. అతను కేబుళ్లు ఒకదానికే తగిలించాడు. నేను బటన్ నొక్కాను. చప్పుడు లేదు. ఇలాంటి కార్లు చప్పుడు చెయ్యకుండానే సిద్ధమవుతాయని ఆ ఆఫీసరు చెప్పే ఉంటాడు. నేను ఆ రోజు ధర తప్ప ఇంకేం విన్నాను?

"ఒరే, అక్కడేదో పచ్చగా ఎలిగిందిరా," అంది పక్క సీట్లోంచి అక్క.

"నువ్వుండక్కా," అని డ్రైవరు వైపు తిరిగాను. "ఒక్కటి సాలట్నేదు బావా. రెండోది కూడా కలుపు."

"సిన్న కారుకి ఇది సాలదేటి?"

"ఇచ్చీవోడివి నిండుగా ఇయ్యొచ్చు కదా, నీదేటి పోతాది?"

అతను నవ్వేసి, కేబులు కొస ఒకటి రెండో బ్యాటరీకి మార్చాడు. అప్పుడొచ్చింది చప్పుడు, టప్‌మని. వెంటనే కాలిన ప్లాస్టిక్ వాసన. పచ్చదీపం ఆరిపోయింది.

కారుని వర్క్‌షాపుకి లాగించాం, కబురంది బావ స్కూటర్ మీద వచ్చాడు. మెకానిక్కులు రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, హై వోల్టేజి పారే నారింజరంగు వైర్ల దగ్గరికి ఎవర్నీ రానివ్వకుండా కారు విప్పారు. ఫ్యూజులు మాడిపోయాయి. పెద్ద బ్యాటరీ కరెంటుని తగ్గించి చిన్నదానికిచ్చే కన్వర్టరు కాలిపోయింది. కొత్తది చెన్నై నుంచి రావాలన్నాడు ఫోర్‌మన్.

"పాతదే చుట్టించేస్తే?" అన్నాను.

"మిక్సీ మోటారనుకున్నారేటండి?"

పోనీ ఫ్యూజులైనా ఊరికే వెయ్యమన్నాను. బావ పక్కన నిలబడ్డ అక్క తల దించుకుంది.

"రెట్టింపు వోల్టేజి ఎక్కిందండి," అన్నాడు ఫోర్‌మన్. "లారీ రెండు బ్యాటరీలూ కలిపిందెవరు?"

"డ్రైవరే. నేను వద్దంటూనే ఉన్నాను."

వద్దన్నావా అని నన్నెవరూ అడగలేదు. అబద్ధానికి కూడా కొసరు వేశాను.

బావ అక్క వైపు చూశాడు. "అంతేనా?"

అక్క కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, "అంతే," అంది.

"అయితే ఆ లారీవాణ్ణి వదిలేది లేదు," అన్నాడు బావ. "లాంతర్ల కొట్టాయనకి తెలిసే ఉంటాడు. పద, ఇప్పుడే వెళ్దాం."

"పోనీలే బావా, పేదోడు. వదిలేద్దాం," అన్నాను, జాలిపడుతున్నట్టు మొహం పెట్టి.

"వదిలెయ్యడానికి కారేమన్నా నీదా?" అని స్కూటర్ వైపు నడిచాడు.

అక్క అడ్డం వెళ్లింది. "ఆడి జోలికెల్లకండి. ఆడు ఒక్కదానికే ఎట్టాడు. రెండోది మనోడే అడిగాడు. నాను సెప్తన్నా ఇనుకోనేదు."

ఫోర్‌మన్ చేతులు తుడుచుకుంటూ అవతలికి వెళ్లిపోయాడు. ఇక తిట్లేనని తల వంచుకున్నాను. తిట్టినా బాగుండేది. బావ నా వంక చూడనే లేదు. అక్కనే చూస్తూ, గొంతు తగ్గించి, "మరి ఇందాక అంతే అన్నావేంటి?" అన్నాడు.

అక్క మళ్లీ కొంగు చివర వేలికి చుట్టుకుంది. ఎంతటివాణ్ణయినా మాటలతో తిప్పేసే నేను, ఆమె నా కోసమే అలా అందన్న ఒక్క ముక్క చెప్పకుండా, ట్రేలో మాడిన ఫ్యూజులకేసి చూస్తూ నిలబడ్డాను.