గుమ్మం మీద మూడు గీతలు

జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో మా అద్దె ఇంటి ద్వారబంధానికి ఒక గాటు ఉండేది. లోపలికొస్తుంటే కుడివైపు, భుజం ఎత్తున, ఏటవాలుగా, వేలెడంత. ఎన్నిసార్లు రంగులేశారో గానీ పూడలేదు. మొదట్లో దాన్ని నేను పట్టించుకోలేదు. ఏడో నెల వచ్చాక మాత్రం ప్రతిదీ అపశకునంలాగే కనిపించేది. అంతకుముందొకసారి కడుపు పోయింది మరి. ఈసారీ ఆస్పత్రి నుంచి ఒట్టి చేతులతో వస్తానేమోనని చచ్చేంత భయం.

వీడియో కాల్‌లో అమ్మ కంట ఆ గాటు పడనే పడింది. “గుమ్మానికి గాయం ఉండకూడదే. పూడ్చేసి నామం పెట్టు,” అంది. మా ఇంట్లో ఏ భయానికైనా మందు వెంకన్న నామమే. లప్పం తెప్పించి గాటు పూడ్చాను. కాస్త పైన తడిపిన బియ్యప్పిండితో రెండు నిలువు గీతలు గీసి, అడుగున కలిపి, మధ్యలో కుంకుమ దిద్దాను.

మర్నాడు కింది ఇంటి ముసలావిడ మా పార్సెల్ ఇవ్వడానికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచి ఆ బిల్డింగులోనే ఉన్న మనిషి, చర్చి చదువుల్లో యూదుల హీబ్రూ భాష కూడా నేర్చుకుంది.

“ఈ అక్షరం నీకెవరు నేర్పారు?” అంది.

మా దేవుడి బొట్టని చెప్పాను. నమ్మినట్టు లేదు. హీబ్రూలో ఒక అక్షరం ఇల్లట, ఒకటి తలుపట, ఒకటి కన్నట. ఈ మూడు కొమ్మలది నిప్పట. గుమ్మం మీద ఉంటే మాత్రం దేవుడి పేరట, తలుపులు కాచేవాడట. గాటు ఉన్నచోట ఒకప్పుడు ఆ అక్షరమున్న చిన్న డబ్బీ ఉండేదట. అప్పట్లో ఈ ఇంట్లో ఉన్న యూదులు వస్తూ పోతూ దాన్ని తాకి వేళ్లు ముద్దుపెట్టుకునేవారట. యూదుల్ని ఏరేస్తున్న రోజుల్లో ఆ ఇంటావిడని నిండు నెలల్లో పోలీసులు తీసుకెళ్లారట, మళ్లీ రాలేదట. ఆ తర్వాత డబ్బీని ఎవరో పీకేశారట. ఇదంతా ముసలావిడకి వాళ్లమ్మ చెప్పింది.

ఆవిడ అటు వెళ్లగానే చెంచాతో లప్పమంతా గోకేశాను. నామం చెరపడానికి చెయ్యి రాలేదు.

నొప్పులు మొదలైన పొద్దున మావారు టాక్సీ కోసం ముందు దిగారు. చలికి మెట్ల రెయిలింగు ముట్టుకోలేకుండా ఉంది. గుమ్మం దాటుతూ ఎందుకో గాటులో వేలు పెట్టాను. వెచ్చగా ఉంది, ఎవరో అప్పుడే చెయ్యి తీసినట్టు. ఆ వేలు పెదాలకి ఆనించుకుని, మమ్మల్ని తిరిగి రానివ్వమని పోలీసులు తీసుకెళ్లిన ఆ ఇంటావిడనే వేడుకున్నాను.

పాపనెత్తుకుని తిరిగొచ్చాను. ఆవిడ రాలేదు కదా అని గుర్తొచ్చి, నా గుమ్మంలో నాకే అడుగు పడలేదు.